డ్రిఫ్టర్స్: పాడేవాళ్లు మారుతూనే ఉన్నా హిట్లు ఎందుకు ఆగలేదు?

గ్రామఫోను_గది

మొన్న ఇంట్లో పిల్లలు 'హోమ్ అలోన్' పెట్టుకుని చూస్తున్నారు. అందులో ఆ కుర్రాడు అద్దం ముందు దువ్వెన పట్టుకుని 'వైట్ క్రిస్మస్' పాటకి పెదాలు కదుపుతాడు కదా, ఆ రికార్డు డ్రిఫ్టర్స్ అనే అమెరికన్ గాయకుల గ్రూపుది. 1954 నాటిది. ముందు కింది స్థాయిలో వినపడే బరువైన గొంతు బిల్ పింక్నీది. తర్వాత పైనుంచి అందుకునే సన్నటి గొంతు క్లైడ్ మెక్‌ఫాటర్‌ది.

పదేళ్ల తర్వాత, 1964లో, ఇదే పేరు మీద 'అండర్ ది బోర్డ్‌వాక్' వచ్చింది. ఈ రెండు రికార్డుల్లోనూ పాడిన మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. అయినా రెండూ హిట్టే, రెండూ డ్రిఫ్టర్సే. ఇదెలా సాధ్యమైందో మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

ముందు పుట్టుక సంగతి. మెక్‌ఫాటర్ మొదట బిల్లీ వార్డ్ నడిపే డామినోస్ అనే గ్రూపులో పాడేవాడు. గొంతు ఇతనిది, పేరు వార్డ్‌ది. జనం తమ్ముడనుకోవాలని ఇతన్ని 'క్లైడ్ వార్డ్' అని పరిచయం చేసిన రోజులూ ఉన్నాయి. 1953లో బయటికొచ్చేశాడు. అట్లాంటిక్ రికార్డ్స్ నడిపే అహ్మెత్ ఎర్తెగున్ న్యూయార్క్‌లో బర్డ్‌ల్యాండ్ క్లబ్బుకి డామినోస్‌ని చూడ్డానికి వెళ్లి, మెక్‌ఫాటర్ ఏడీ అని అడిగితే తీసేశానన్నాడట వార్డ్. ఎర్తెగున్ ప్రోగ్రాం అక్కడే వదిలేసి, అతన్ని వెతికి పట్టుకుని, నువ్వే ఒక గ్రూపు పెట్టు అన్నాడని చెబుతారు. అలా పుట్టింది డ్రిఫ్టర్స్. 'మనీ హనీ' ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్, అప్పటి నల్లవాళ్ల పాప్ సంగీతం) చార్టులో 11 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 1954లో మెక్‌ఫాటర్‌కి సైన్యం నుంచి పిలుపొచ్చింది. అసలు కథ అక్కడ మొదలు.

నిద్రలేని_రాత్రి

అన్నా, 'స్టాండ్ బై మీ' వీళ్లదేనా? నాకు తెలిసిన పాత ఇంగ్లిష్ పాట అదొక్కటే 😅

టెక్సాస్_తెలుగోడు

కాదు తమ్ముడూ, అది బెన్ ఈ కింగ్ సోలో. 1961. అయితే అతను అంతకు ముందు డ్రిఫ్టర్స్ లీడ్ సింగరే, అంటే ముందుండి పాడే ప్రధాన గొంతు. ఆ పాట ముందు డ్రిఫ్టర్స్‌కి ఇస్తానంటే మేనేజర్ వద్దన్నాడని అంటారు. అలా వద్దనిపించుకున్న పాట అప్పుడు 4వ స్థానం దాకా వెళ్లింది. పాతికేళ్ల తర్వాత, 1986లో, అదే పేరుతో సినిమా వస్తే మళ్లీ టాప్ టెన్‌లోకి వచ్చింది.

లెక్కలపుస్తకం

గ్రామఫోను గారూ, మీ ప్రశ్నకి జవాబు పాటల్లో లేదండీ, కాగితాల్లో ఉంది.

డ్రిఫ్టర్స్ అనే పేరులో మెక్‌ఫాటర్‌కి వాటా ఉండేది. సైన్యం నుంచి వచ్చాక సోలోగా పాడుకుందామని నిర్ణయించుకుని ఆ వాటాని మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్‌కి అమ్మేశాడు. ఆ క్షణం నుంచి పేరు ఒక మనిషి ఆస్తి. పాడేవాళ్లు నెలజీతగాళ్లు, కాదు, వారం జీతగాళ్లు. రికార్డు ఎన్ని అమ్ముడుపోయినా వాళ్లకి అందేది వారానికి వంద డాలర్ల చుట్టూ. పింక్నీ 1956లో ఇంకాస్త ఇమ్మన్నాడు, బయటికి పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరు నోరెత్తినా అదే వరస.

1958 సంగతి వింటే మీకే అర్థమవుతుంది. న్యూయార్క్ హార్లెమ్‌లో అపోలో థియేటర్ అంటే నల్లవాళ్ల సంగీతానికి గుడి లాంటిది. అక్కడ ఏడాదికి రెండుసార్లు డ్రిఫ్టర్స్ పాడాలని ట్రెడ్‌వెల్ ఒప్పందం రాసుకున్నాడు. ఆ మేలో అక్కడ గొడవైంది. ట్రెడ్‌వెల్ ఉన్నవాళ్లందరినీ ఒకేసారి తీసేశాడు. మరి ఒప్పందం మాటేమిటి? అక్కడే పాడుతున్న ఫైవ్ క్రౌన్స్ అనే ఇంకో కుర్రాళ్ల జట్టుని పిలిచి, ఇవాళ్టి నుంచి మీరే డ్రిఫ్టర్స్ అన్నాడు. బెన్ ఈ కింగ్, చార్లీ థామస్, డాక్ గ్రీన్, ఎల్స్‌బెరీ హాబ్స్ ఆ జట్టువాళ్లే.

కంపెనీ బోర్డు అదే, లోపల స్టాఫ్ మొత్తం మారిపోయారు. ఇది సంగీత చరిత్ర కన్నా వ్యాపార చరిత్ర అంటే తప్పేంటి?

కోరస్_రెండో_వరస

లెక్కల మాస్టారూ, మీరు చెప్పింది నిజమే కానీ సగమే. కాగితం మీద పేరుంటే టిక్కెట్లు అమ్ముడుపోతాయి. హిట్టు రాదు. ఆ కొత్త జట్టు చేతిలో ఏమీ లేదు. పాత పాటలు వాళ్లవి కావు, పాత గొంతులు వాళ్లవి కావు. ఆ పరిస్థితిలో 1959 మార్చిలో స్టూడియోకి వెళ్లి 'దేర్ గోస్ మై బేబీ' రికార్డు చేశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

మొదట హాబ్స్ బేస్ గొంతు ఒంటరిగా దిగుతుంది. దాని మీద మిగతావాళ్ల కోరస్. తర్వాత కింగ్ వస్తాడు. పాడుతున్నాడా, అరుస్తున్నాడా, బతిమాలుతున్నాడా చెప్పడం కష్టం. పాట ఎత్తుగడలో ప్రాస కూడా ఉండదు. వెనకాల వయొలిన్లు, చెల్లో. నల్లవాళ్ల ఆర్ అండ్ బీ రికార్డులో తీగవాద్యాలని అంత ముందుకు తేవడం అప్పటికి దాదాపు లేదు. కింద టింపనీ, అంటే సింఫనీల్లో వాయించే ఆ పెద్ద రాగి డోళ్లు. అవి పాట శ్రుతికి సరిగ్గా కలవవు. పాట స్వరాలు మారుతుంటే ఆ డోలు మాత్రం తన స్వరం దగ్గరే ఉండిపోతుంది. దాని నడక బ్రెజిల్ వాళ్ల బయావూ తాళం. మామూలుగా అయితే ఇది మళ్లీ తీయాల్సిన టేకు. కానీ ఆ అపశ్రుతి వల్లే పాటకి ఎక్కడో గుహలో పాడుతున్నట్టు ఒక లోతు వచ్చింది.

నిర్మాతలు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్. అట్లాంటిక్ కంపెనీ పెద్దల్లో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్‌కి ఇది అస్సలు నచ్చలేదు. రేడియోలో రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉందని తిట్టాడట. కొన్ని నెలలు పక్కన పడేశారు. చివరికి వదిలితే పాప్ చార్టులో 2వ స్థానం, ఆర్ అండ్ బీలో మొదటి స్థానం.

ఇంకో ముక్క. ఆ రోజు లీడ్ పాడాల్సింది చార్లీ థామస్. మైకు ముందు నిలబడేసరికి బిగుసుకుపోయాడు. పాట రాసినవాళ్లలో ఒకడైన కింగ్ ఎలా పాడాలో చూపించబోయి తనే పాడేశాడు. నేను చర్చి క్వైర్‌లో వెనక వరసలో పాడతాను, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. లీడ్ అనేది ఒక్కోసారి ఎవరి గొంతు ఆ నిమిషంలో తెరుచుకుంటే వాళ్లది.

నిద్రలేని_రాత్రి

ఇప్పుడే విన్నా. ఆ డోలు సంగతి చెప్పకపోతే గమనించేవాడినే కాదు. ఇప్పుడు ఆ డోలు తప్ప ఇంకేం వినపడటం లేదు 🤦

రేడియో_సిలోన్

బాబూ, మీ అందరికన్నా నేను వయసులో పెద్దవాడిని, కాబట్టి కాస్త కటువుగా చెబుతా, ఏమీ అనుకోకండి. గాయకులు మారినా హిట్లు ఆగకపోవడానికి కారణం రాసేవాళ్లు. న్యూయార్క్ బ్రాడ్‌వే మీద 1619 నంబరు బ్రిల్ బిల్డింగ్. దాని దగ్గర్లోనే 1650. ఈ రెండు మేడల్లోని చిన్న గదుల్లో, గదికో పియానో పెట్టుకుని, ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు పొద్దున్నించి సాయంత్రం దాకా పాటలు అల్లేవారు. ఎవరి దగ్గర ఎప్పుడు పాట కావాలన్నా డ్రిఫ్టర్స్‌కి దొరికేది. 'అప్ ఆన్ ది రూఫ్' జెర్రీ గాఫిన్, కరోల్ కింగ్ దంపతులది. 'ఆన్ బ్రాడ్‌వే' బారీ మాన్, సింథియా వైల్ రాసుకుంటే లీబర్, స్టోలర్ కూడా చెయ్యి వేశారు. 'ప్లీజ్ స్టే' బర్ట్ బకరాక్ కట్టిన బాణీ. ఇంతమంది దిట్టలు ఒకే పేరుకి పాటలు ఇస్తుంటే మైకు ముందు ఎవరుంటే ఏం?

'ఆన్ బ్రాడ్‌వే' తర్వాత జార్జ్ బెన్సన్ పాడినా హిట్టే. 'అప్ ఆన్ ది రూఫ్' జేమ్స్ టేలర్ పాడినా బావుంది. 'స్వీట్స్ ఫర్ మై స్వీట్' లివర్‌పూల్ కుర్రాళ్లు సెర్చర్స్ పాడితే 1963లో ఇంగ్లండ్‌లో మొదటి స్థానం. అంటే బలం ఎక్కడుంది? పాటలో.

కోరస్_రెండో_వరస

సిలోన్ గారూ, పెద్దవారు, మీ మాట కాదనడానికి మనసు రావడం లేదు, కానీ కాదనక తప్పదు.

మీరు చెప్పిన 'అప్ ఆన్ ది రూఫ్', 'ఆన్ బ్రాడ్‌వే', 'ప్లీజ్ స్టే' మూడింట్లోనూ లీడ్ ఒకడే, రూడీ లూయిస్. క్లారా వార్డ్ గాస్పెల్ (చర్చి భక్తిపాటల) బృందంలో పాడి వచ్చినవాడు. బెన్ ఈ కింగ్ గొంతు నేల మీద గట్టిగా నిలబడుతుంది. లూయిస్ గొంతులో ఒక ఒదుగు ఉంది, ఎక్కడా బలం చూపించడు, చివరి అక్షరాన్ని వదిలేటప్పుడు కాస్త వణికించి వదులుతాడు. 'అప్ ఆన్ ది రూఫ్' మేడ మీదికి పోయి ఒక్కడే కూర్చునేవాడి పాట. దాన్ని మెక్‌ఫాటర్ పాడితే ఏడుపు అయ్యేది, కింగ్ పాడితే ప్రార్థన అయ్యేది. లూయిస్ పాడితే సాయంత్రం గాలి తగిలినట్టు ఉంది. నిర్మాతలు పాట చూసి గొంతు, గొంతు చూసి పాట ఎంచుకున్నారు. పాడేవాడెవడైనా ఒకటే అయితే వాళ్లకి ఆ శ్రమ దేనికి?

పాపం ఆ లూయిస్ పేరు ఈ మూడు రికార్డుల్లో దేని మీదా విడిగా వేయలేదు. లేబుల్ మీద 'ది డ్రిఫ్టర్స్' అంతే.

టెక్సాస్_తెలుగోడు

'సేవ్ ది లాస్ట్ డాన్స్ ఫర్ మీ' గురించి ఎవరూ ఎత్తలేదేం? వీళ్ల పాటల్లో బిల్‌బోర్డ్ పాప్ చార్టులో నంబర్ వన్ అయ్యింది అదొక్కటే, 1960లో.

దాన్ని డాక్ పోమస్, మార్ట్ షుమన్ కలిసి కట్టారు. పోమస్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చింది, చంక కర్రలు లేనిదే నడవలేడు. పెళ్లి అయిన రోజున భార్య బంధువులతో డాన్స్ చేస్తుంటే కుర్చీలో కూర్చుని చూశాడు. ఎవరితో ఆడినా పర్లేదు, ఇంటికెళ్లేది నాతోనే అని చెప్పే పాట అది. తర్వాతెప్పుడో ఒక పాత పెళ్లి శుభలేఖ వెనక ఆ మాటలు రాశాడంటారు. ఈ సంగతి తెలిశాక పాట మునుపటిలా వినలేం. కింగ్ అందులో గొంతు పెంచడు. అనుమానం, నమ్మకం రెండూ ఒకే శ్వాసలో ఉంటాయి.

విచిత్రం ఏంటంటే ఆ పాట మొదటి స్థానానికి చేరేసరికి కింగ్ గ్రూపులోనే లేడు. జీతం పెంచమన్నాడు, రాయల్టీలో వాటా అడిగాడు, కుదరదన్నారు, వచ్చేశాడు.

నిద్రలేని_రాత్రి

మరి టీవీలో ఆ పాట ఎవరు పాడారు? ప్రోగ్రాములకి పిలిస్తే?

టెక్సాస్_తెలుగోడు

చార్లీ థామస్. రికార్డులో కింగ్ గొంతు వస్తుంటే టీవీలో థామస్ పెదాలు కదిపాడు.

నిద్రలేని_రాత్రి

అదేదో మన సినిమా పాటలాగే ఉంది. తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది. మనం దాన్ని తప్పు అనుకోలేదు కదా ఎప్పుడూ.

రేడియో_సిలోన్

అనుకోలేదు, ఎందుకంటే మనకి గొంతు ఎవరిదో తెలుసు. రేడియోలో పాట వేసే ముందు పాడినవాళ్ల పేరు చెప్పేవారు. ఘంటసాల పేరు వినకుండా ఘంటసాల పాట విన్నవాళ్లు ఎవరు? అమెరికాలో ఆ కింగ్ కుర్రాడికి ఆ మర్యాద కూడా దక్కలేదు. ఈ ఒక్క విషయంలో నేను కోరస్ పక్షం.

లెక్కలపుస్తకం

హమ్మయ్య, సిలోన్ గారు ఒక మెట్టు దిగారు 😄

గ్రామఫోను_గది

చార్లీ థామస్‌ని ఊరికే వదిలేయకండి. గాయకులు మారుతూ ఉన్నారని అంటున్నాం కానీ 1958 నుంచి 60ల చివరి దాకా దాదాపు ప్రతి పెద్ద రికార్డులో ఉన్నది అతను. 'స్వీట్స్ ఫర్ మై స్వీట్' లీడ్ అతనిదే. మిగతా సమయమంతా వెనకాల కోరస్. పక్కన లీడ్ మారిన ప్రతిసారీ ఆ కొత్త గొంతుకి తగ్గట్టు వెనక వరసని సర్దాల్సింది ఇలాంటివాళ్లే. డ్రిఫ్టర్స్ శబ్దం ఒకేలా వినపడిందంటే అందులో ఇతని వాటా చాలా ఉందని నా లెక్క.

ఇక 1964 మే సంగతి. 'అండర్ ది బోర్డ్‌వాక్'కి రూడీ లూయిస్ లీడ్ పాడాలి. స్టూడియో, ఆర్కెస్ట్రా బుక్ అయ్యాయి. మే 20 రాత్రి లూయిస్ హార్లెమ్‌లో తన హోటల్ గదిలో చనిపోయాడు. వయసు 27. మర్నాడు, 21న, సెషన్ జరిగింది. రద్దు చేయలేదు.

లీడ్ జానీ మూర్ పాడాడు. ఇతను కొత్తవాడు కాదు. 1955లో 'అడారబుల్', 1956లో 'రూబీ బేబీ' పాడింది ఇతనే. మధ్యలో సైన్యానికి వెళ్లి, సోలోగా ప్రయత్నించి, 1963లో మళ్లీ వచ్చి చేరాడు. అంటే పాత డ్రిఫ్టర్స్‌లోనూ కొత్త డ్రిఫ్టర్స్‌లోనూ లీడ్ పాడిన మనిషి.

ఆ పాట వినండి. సముద్రం ఒడ్డున చెక్కబాట కింద నీడలో ఇద్దరు ప్రేమికులు, హాయైన పాట. కానీ మూర్ గొంతు ఎక్కడా పూర్తిగా నవ్వదు. ముందురోజు స్నేహితుడు పోయిన సంగతి తెలిసి వింటున్నాం కాబట్టి అలా అనిపిస్తుందా, నిజంగానే ఉందా, నాకు తేలలేదు. పాట 4వ స్థానానికి వెళ్లింది.

కోరస్_రెండో_వరస

నిజంగానే ఉందండీ. రెండో చరణం దగ్గర ఊపిరి తీసుకునే చోట చూడండి.

నిద్రలేని_రాత్రి

ఇది చదివాక నిద్ర పట్టదు ఇవాళ. పేరుకి తగ్గట్టే అయింది.

లెక్కలపుస్తకం

ఆ రోజు సెషన్ ఎందుకు ఆపలేదు? పేరు ఎవరిదో వాళ్లకి గాయకుడు పోవడం అంటే ఖాళీ భర్తీ చేయడం. నేను మొదట అన్న మాట ఇదే.

1967లో ట్రెడ్‌వెల్ పోయాడు. పేరు ఆయన భార్య ఫే ట్రెడ్‌వెల్ చేతికి వచ్చింది. అమెరికాలో గాలి తగ్గాక 70ల్లో బ్రిటన్‌కి మకాం మార్చారు. అక్కడ జానీ మూర్ లీడ్‌గా 'కిస్సిన్ ఇన్ ది బ్యాక్ రో ఆఫ్ ది మూవీస్' 1974లో 2వ స్థానం దాకా వెళ్లింది. ఇంకోవైపు అమెరికాలో బిల్ పింక్నీ 'ఒరిజినల్ డ్రిఫ్టర్స్' అని సొంత జట్టు నడిపాడు. చార్లీ థామస్ తన జట్టు తను నడిపాడు. ఎవరికి వారే డ్రిఫ్టర్స్. అరవైమంది దాకా ఈ పేరు కింద పాడారని అంటారు.

టెక్సాస్_తెలుగోడు

అరవైలో కొందర్ని నేనూ చూశాను అనుకుంటా 🙂 ఇక్కడ ఒక ఊరి జాతరలాంటి దానికి వెళ్తే డ్రిఫ్టర్స్ అని పోస్టరు. మా ఆవిడని బతిమాలి తీసుకెళ్లా. స్టేజీ మీదికి వచ్చిన నలుగురూ నాకన్నా చిన్నవాళ్లు! ఇస్త్రీ మడత నలగని తెల్ల సూట్లు, కాళ్లు నలుగురివీ ఒకేసారి కదులుతున్నాయి, పాడటం బాగానే పాడారు. కానీ 'ఈ పాట మేం 1960లో పాడినప్పుడు' అని మైకులో అంటుంటే పక్కనున్న ముసలాయన పకపకా నవ్వాడు. మా ఆవిడ మాత్రం, వీళ్లు అప్పటికి పుట్టారా అని ఇంటికెళ్లే దాకా అడుగుతూనే ఉంది.

లెక్కలపుస్తకం

దీని మీద చట్టమే వచ్చింది గురువుగారూ. 'ట్రూత్ ఇన్ మ్యూజిక్' చట్టాలని చాలా రాష్ట్రాల్లో తెచ్చారు. సుప్రీమ్స్‌లో పాడిన మేరీ విల్సన్ లాంటివాళ్లు దానికోసం బాగా తిరిగారు. అసలు రికార్డులో పాడినవాళ్లు కనీసం ఒకరైనా స్టేజీ మీద ఉండాలి, లేదా ఆ పేరు మీద చట్టబద్ధమైన హక్కు ఉండాలి, లేదా ఇది ట్రిబ్యూట్ అని బాహాటంగా చెప్పాలి.

మధ్యలో ఉన్న షరతు చూశారా? హక్కు ఉంటే చాలు, పాడినవాడు ఒక్కడూ అక్కర్లేదు. డ్రిఫ్టర్స్ విషయంలో మెక్‌ఫాటర్ వాటా అమ్మేసినప్పటి నుంచీ ఆ హక్కు పాడనివాళ్ల దగ్గరే ఉంది.

రేడియో_సిలోన్

పోల్చి చూడాలంటే టెంప్టేషన్స్ అనే ఇంకో అమెరికన్ గ్రూపు ఉంది. వాళ్లకీ లీడ్లు మారారు. 1968లో డేవిడ్ రఫిన్‌ని తీసేస్తే డెనిస్ ఎడ్వర్డ్స్ వచ్చాడు. 1971లో ఎడీ కెండ్రిక్స్ వెళ్లిపోయాడు. అయినా ఓటిస్ విలియమ్స్ మొదటి రోజు నుంచీ కదల్లేదు. లీడ్ పెద్దగా పాడడు, కానీ ఇల్లు అతనిది. డ్రిఫ్టర్స్‌కి అలాంటి ఇంటివాడు లేడు, అద్దె వసూలు చేసేవాడు ఉన్నాడు.

కోరస్_రెండో_వరస

సిలోన్ గారూ, మొదట పాటదే బలం అన్నారు, ఇప్పుడు మనిషి కావాలంటున్నారు!

రేడియో_సిలోన్

పాటదే బలం. మనిషికి డబ్బు ఇవ్వాలి అంటున్నా. రెండూ వేరు.

గ్రామఫోను_గది

1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లకి కూడా ఇదే తలనొప్పి వచ్చి ఉంటుంది, ఎవర్ని డ్రిఫ్టర్స్ అనాలి అని. చివరికి ఏడుగుర్ని ఎంచారు: మెక్‌ఫాటర్, పింక్నీ, గెర్హార్ట్ త్రాషర్, కింగ్, లూయిస్, మూర్, థామస్. ఈ ఏడుగురూ ఒకే ఏడాది ఒకే గ్రూపులో ఎన్నడూ లేరు. మెక్‌ఫాటర్ అప్పటికే పోయాడు, 1972లో, 39 ఏళ్లకి, తాగుడుతో చితికిపోయి. వాటా అమ్ముకున్నందుకు తర్వాత బాధపడ్డాడని చెబుతారు. మూర్ 1998లో, పింక్నీ 2007లో, కింగ్ 2015లో పోయారు. చార్లీ థామస్ 2023 దాకా ఉన్నాడు.

నిద్రలేని_రాత్రి

సరే అన్నలూ, గురువులూ, ఏ వరసలో వినాలో చెప్పండి. రేపు హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సు, అయిదారు గంటలు ఖాళీ.

గ్రామఫోను_గది

'మనీ హనీ'తో మొదలుపెట్టు. తర్వాత 'సచ్ ఎ నైట్', అదీ మెక్‌ఫాటర్. 'రూబీ బేబీ'లో మూర్‌ని కుర్రతనంలో విను, ఎందుకంటే తర్వాత 'బోర్డ్‌వాక్'లో అదే గొంతు మళ్లీ వస్తుంది. 'దేర్ గోస్ మై బేబీ' విన్నావు కాబట్టి నేరుగా 'దిస్ మ్యాజిక్ మోమెంట్', 'సేవ్ ది లాస్ట్ డాన్స్'. అక్కడ కింగ్ దిగిపోతాడు, లూయిస్ ఎక్కుతాడు.

టెక్సాస్_తెలుగోడు

కింగ్‌తో పాటు నువ్వూ దిగి 'స్పానిష్ హార్లెమ్' విని మళ్లీ ఎక్కు. అదీ 'స్టాండ్ బై మీ'తో పాటు ఒకే సెషన్‌లో రికార్డు చేశాడు.

కోరస్_రెండో_వరస

'మెక్సికన్ డైవోర్స్' మర్చిపోవద్దు. బకరాక్ పాట, లూయిస్ లీడ్. వెనకాల ఆడగొంతులు వినపడతాయి, అందులో ఒకటి అప్పటికి ఎవరికీ తెలియని డియాన్ వార్విక్‌ది. బకరాక్ ఆమెని గమనించింది ఆ సెషన్‌లోనే.

లెక్కలపుస్తకం

ఆమెకి ఆ రోజు ఎంత ఇచ్చారో?

కోరస్_రెండో_వరస

మాస్టారూ, బస్సులో కుర్రాణ్ణి పాటలు విననివ్వండి ముందు 🙏